రానిది ‘రాబడి’ అవుతుందా?

ప్రశ్న: ఒక కంపెనీ వార్షిక నివేదిక తెలుగు చేస్తున్నాను. మార్చిలో సరుకు పంపి మేలో డబ్బు తీసుకున్న అమ్మకాన్ని మార్చి లెక్కలోనే కలిపేశారు. ఇంకా రానిదాన్ని ‘రాబడి’ అనొచ్చా? డబ్బు చేతులు మారకముందే లెక్కలో రాసే ఈ అక్రూవల్ పద్ధతికి తెలుగు మాట ఉందా?

అంబాజీపేట సభ్యుడు: ఉందండీ, మా కొబ్బరి కొట్లలో రోజూ వినేదే. దింపులయ్యాక కాయ లెక్కపెట్టి లారీకెత్తగానే షావుకారు గుమాస్తాతో “ఆయన పేర రాసెయ్” అంటాడు. కొన్నవాడి ఖాతాలో పద్దు పడిపోతుంది. డబ్బు ఎప్పుడొస్తే అప్పుడు జమ. పద్దు పడిన రోజు వేరు, డబ్బు పడిన రోజు వేరు. అక్రూవల్ పట్టుకునేది మొదటిదాన్ని. ఖర్చయినా అంతే, మార్చి కూలి ఏప్రిల్లో ఇచ్చినా మార్చి ఖర్చే. 2013 కంపెనీల చట్టం 128వ సెక్షన్ కంపెనీలు ఇలాగే, ప్రతి లావాదేవీని రెండు ఖాతాల్లో రాసే జంట పద్దు విధానంలో లెక్కలు రాయాలంటుంది. ‘రాబడి’ అంటే మాత్రం చేతికొచ్చిందనే వినపడుతుంది, మార్చెయ్యండి.

భీమవరం సభ్యుడు: మరి జాగ్రత్త సూత్రం? రాబోయే నష్టం రాసుకో, రాని లాభం రాసుకోకు అనే కదా చదివాం. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

అంబాజీపేట సభ్యుడు: ఇక్కడ అతకదు. సరుకు చేతులు మారింది, అడిగే హక్కు వచ్చింది. ఆలూ ఉంది, చూలూ ఉంది, పురుడే తరువాయి. కొన్నవాడు ఎగ్గొడతాడని తోస్తే రానిబాకీల కింద ముందే కొంత తగ్గించాలి. మీ జాగ్రత్త అక్కడ పనికొస్తుంది. అసలు సోమలింగం మీ ఊళ్లోనే ఉన్నాడు. ఇండ్ ఏఎస్ అనే భారతీయ లెక్కల ప్రమాణాలు పాటించే కంపెనీకి రొయ్యల చెరువుంటే, మార్చి 31న నీళ్లలో ఉన్న రొయ్యకి ఇండ్ ఏఎస్ 41 కింద ఆనాటి సముచిత విలువ కట్టి, అమ్మకపు ఖర్చులు తీసేసి, తేడాని లాభనష్టాల్లో చూపాలి. అమ్మకంతో పనిలేదు. మా కొబ్బరిదీ వింతే: చెట్టేమో యంత్రాల సరసన ఇండ్ ఏఎస్ 16లో, దాని మీది కాయ 41లో!

భీమవరం సభ్యుడు: పట్టుబడి కాకుండానే లాభమా! మర్నాడు వైట్‌స్పాట్ తెగులు తగిలితే?

అంబాజీపేట సభ్యుడు: 31 దాటాక తగిలితే ఆ నష్టం వచ్చే ఏడాదిది. పెద్దదైతే ఈ ఏడాది నివేదికలో ఒక వివరణ ఇస్తారు, అంకె మారదు.

ప్రశ్న వేసినవారు: అయితే ‘పద్దుబడి’ అని రాయనా?

అంబాజీపేట సభ్యుడు: ముచ్చటగానే ఉంది గానీ, వాటాదారుడికి అర్థం కాదండీ. ‘ఆదాయం’ అనండి, ఆస్తుల పట్టీలో ‘రావలసిన బాకీలు’ విడిగా చూపండి.