కొత్తగా వచ్చిన లేబర్‌కి ఇండక్షన్ (పనిలోకి దిగే ముందు సైట్, సేఫ్టీ సంగతులు చెప్పడం) ఎలా చేస్తున్నారు?

నార్సింగి_టవర్స్:
అందరికీ నమస్తే. నార్సింగి దగ్గర హైరైజ్ సైట్‌లో ఈమధ్యే సేఫ్టీలో చేరాను. వారం వారం కొత్త బ్యాచ్ దిగుతోంది. ఎక్కువమంది ఒడిశా, బిహార్, మాల్దా వాళ్లు. మనవాళ్లు పాలమూరు, శ్రీకాకుళం నుంచి కొందరు. ఇక్కడ ఇండక్షన్ అంటే కంటైనర్ గదిలో కూర్చోబెట్టి ఇంగ్లిష్ స్లైడ్లు చూపించడం, రిజిస్టర్‌లో వేలిముద్ర వేయించుకోవడం, గేట్ పాస్ చేతిలో పెట్టడం. ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ జనరల్ బోగీలో రాత్రంతా నిలబడి వచ్చినవాళ్లు రెండో స్లైడ్‌కే కునుకు తీస్తున్నారు. నాకు దొరికేది గంట. ఆ గంట వాళ్లకు నిజంగా పనికొచ్చేలా ఎలా వాడుకోవాలి?

సేఫ్టీ_కోకాపేట:
తమ్ముడూ, ముందు ఆ స్లైడ్లు పక్కన పెట్టు. రైలు దిగిన రోజే ఇండక్షన్ వద్దు. క్యాంపులో స్నానం చేసి, తిని, ఒక రాత్రి పడుకోనివ్వు. గదిలో పావుగంట చాలు: మంచినీళ్లెక్కడ, బాత్రూములెక్కడ, దెబ్బ తగిలితే ఎవరికి చెప్పాలి, సైరన్ మోగితే ఎక్కడికి చేరాలి. మిగతాదంతా సైట్‌లో నడిపిస్తూ చెప్పు. పది పన్నెండు మంది దాటితే వెనకున్నవాళ్లకు వినపడదు, రెండు జట్లుగా చెయ్యి.

నేను తప్పకుండా ఆగేది స్లాబ్‌లో వదిలిన డక్ట్ (పైపుల కోసం ఉంచిన పెద్ద కంత) దగ్గర. దాని మీద ప్లైవుడ్ కప్పి ఉంటుంది. కొత్త కుర్రాడికి అది షట్టరింగ్ (కాంక్రీట్ పోయడానికి చెక్కల అచ్చు కట్టే) వాళ్లు వదిలేసిన చెక్కలాగే కనిపిస్తుంది. రెండు చేతులతో ఎత్తి ముందుకు పట్టుకుంటాడు. ఇక ఆ చెక్కే అడ్డమై కాళ్ల ముందు ఏముందో కనపడదు. ఒక్క అడుగు వేస్తే కింద పడతాడు. ఇది చెబుతూ ప్లైవుడ్‌ని కర్రతో తోసి చూపిస్తాను. కదలకుండా బిగించి ఉండాలి, పైన ఎర్ర పెయింట్‌తో పెద్ద ఇంటూ గుర్తు ఉండాలి. చదువు రానివాళ్లకు కూడా ఆ గుర్తు తెలుస్తుంది. కదిలిందంటే ఇండక్షన్ ఆపి, ముందు దాన్ని బిగించేదాకా అక్కడినుంచి కదలను.

రాడ్‌బెండింగ్_మేస్త్రీ:
సార్, నా అనుభవం చెబుతాను. మేస్త్రీని బయట ఉంచి లేబర్‌కి ఎంత చెప్పినా లాభం లేదు. అడ్వాన్సిచ్చి తీసుకొచ్చింది మేస్త్రీ. పైకెక్కాక వాళ్లు వినేది ఆయన మాటే. రాడ్ పనికి కూలి టన్ను లెక్క, షట్టరింగ్‌కి అడుగుల లెక్క. సేఫ్టీ బెల్ట్ తగిలించే చోటు లేదని పని ఆపితే ఆ గంట కూలి ఎవరిస్తారు? అది తేలేదాకా ఎవరూ నోరు విప్పరు.

మా సైట్‌లో మేనేజర్ సార్ కాంట్రాక్టర్‌నీ మేస్త్రీలనూ పక్కన నిలబెట్టుకుని, ప్రమాదం అనిపించి పని ఆపితే ఆ పూట కూలి కోసేది లేదని బ్యాచ్ ముందరే చెప్పారు. తర్వాత పరంజా మీద పలకలు ఊగుతున్నాయని ఇద్దరు దిగొచ్చారు. శనివారం వాళ్లకు కూలి పూర్తిగా అందింది. ఆ కబురు క్యాంపంతా పాకింది. అప్పటినుంచి పిల్లలు ధైర్యంగా చెబుతున్నారు.

ఈహెచ్ఎస్_తెల్లాపూర్:
మేస్త్రీ గారి మాటకు వంద మార్కులు. నాది ఇంకొకటి. అర్థమైందా అని అడిగితే అందరూ తలూపుతారు. చేసి చూపించమనండి.

బెల్ట్ వేసుకోవడం అందరూ నేర్పుతారు, ఎక్కడ తగిలించాలో చెప్పేవాళ్లు తక్కువ. నేను నేల మీద టేపు పరిచి చాక్‌పీస్‌తో గీస్తాను. బెల్ట్ తాడు 1.8 మీటర్లు. షాక్ అబ్జార్బర్ (పడినప్పుడు కుదుపు తగ్గించే మడత పట్టీ) తెరుచుకుంటే ఇంకో మీటరు. వీపు మీది రింగు నుంచి పాదాల వరకు మీటరున్నర. నాలుగు మీటర్లు దాటింది. ఫ్లోర్ ఎత్తేమో మూడు మీటర్లు. అంటే కాళ్ల దగ్గర తగిలిస్తే బెల్ట్ ఉండి కూడా నేలకు తగులుతాం. ఆ గీత చూశాక తల పైన లైఫ్‌లైన్ (బెల్ట్ తగిలించే గట్టి తాడు) ఎక్కడుందని వాళ్లే అడుగుతారు.

భాష సంగతికొస్తే, ఆ జిల్లా నుంచే వచ్చిన పాత వర్కర్‌ని పక్కన పెట్టుకోండి. ఆ గంటకు అతని కూలి కలపడం మర్చిపోకండి.

క్వాలిటీ_కొల్లూరు:
ఆడవాళ్ల గురించి ఎవరూ రాయలేదు. మా సైట్‌లో హెల్పర్ అక్కలు వెనక గోడకానుకుని కూర్చుంటారు, ఉదాహరణలన్నీ మగవాళ్ల పనులవే. నేను మేడమ్‌ని కాబట్టి వాళ్లను విడిగా ఓ పది నిమిషాలు కూర్చోబెడతాను. మిక్సర్ దగ్గర కొంగు బిగించి, పైన చొక్కా వేసుకోవాలి. తడి సిమెంట్ కాళ్లకు అంటితే మంట పుట్టేదాకా ఆగకుండా వెంటనే కడుక్కోవాలి, అది చర్మాన్ని కాలుస్తుంది. బాత్రూమ్‌కి స్వయంగా తీసుకెళ్లి చూపిస్తాను. దూరమైతే వాళ్లు నీళ్లు తాగడమే మానేస్తారు, మే నెల ఎండలో అది ప్రాణం మీదికొస్తుంది. ఇక పిల్లలు. 50 మందికి మించి ఆడవాళ్లు పనిచేసే సైట్‌లో పిల్లల గది ఉండాలని 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టంలోనే ఉండేది. పిల్లవాడు ఇసుక కుప్ప దగ్గర ఆడుతుంటే తల్లి మనసు పని మీద ఎలా ఉంటుంది?

లేబర్_వెల్ఫేర్_ఉప్పల్:
మేడమ్ ఎండ మాట ఎత్తారు కాబట్టి: వేసవిలో కొత్తవాళ్లను మొదటిరోజే మిట్టమధ్యాహ్నం స్లాబ్ మీదికి పంపకండి. ఒళ్లు వేడికి అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. మాట తడబడుతుంటే నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, 108కి ఫోన్ చేయాలి.

ఫిట్స్ ఉన్న సంగతి పని పోతుందనే భయంతో దాస్తారు. కింద పని ఇస్తాం, ఇంటికి పంపించేయం అని ముందే చెబితే బయటపడుతుంది. నిర్మాణ కార్మికుల వెల్ఫేర్ బోర్డు కార్డు సంగతీ అప్పుడే చెప్పండి. 18 నుంచి 60 ఏళ్ల మధ్య ఉండి, గడిచిన ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసినవాళ్లకు నమోదు ఉంటుంది.

నార్సింగి_టవర్స్:
అందరికీ చాలా థ్యాంక్స్. సోమవారం బ్యాచ్‌కి మేస్త్రీలను కూడా పిలుస్తున్నాను. ఒక్క డౌట్. స్లాబ్ కాంక్రీట్ రోజు రాత్రి ఎనిమిదింటికి అడ్డా నుంచి ఇరవై మందిని ఆటోల్లో దింపుతారు. పంపు రెడీగా ఉంటుంది, ట్రాన్సిట్ మిక్సర్లు (కాంక్రీట్ తెచ్చే బండ్లు) గేటు బయట లైన్‌లో ఉంటాయి. వాళ్లకు గంట ఇండక్షన్ అంటే ఎవరూ ఒప్పుకోరు. ఏం చేస్తారు?

సేఫ్టీ_కోకాపేట:
ఎంతమంది వస్తారో కాంట్రాక్టర్ చేత ముందురోజే చెప్పించు. కాంక్రీట్ ఆర్డర్ టైమ్‌ని అరగంట ఆలస్యంగా పెట్టించు, బండ్లు వచ్చాక మాత్రం నీ మాట నడవదు. గేటు దగ్గరే మూడు సంగతులు చెప్పు: పంపు పైపు చివర ఎవరూ నిలబడొద్దు, వైబ్రేటర్ (కాంక్రీట్‌ని కుదిపి సర్దే మిషన్) వైరు నీళ్లలో పడొద్దు, స్లాబ్ అంచుకి పోవద్దు. కొత్తవాళ్లకు వేరే రంగు హెల్మెట్ ఇచ్చి, ఒక్కొక్కరికీ ఒక పాత మనిషిని జత చెయ్యి. అంచు దగ్గర పని పాతవాళ్లకే ఇవ్వు. లైట్లు సరిపోవడం లేదనిపిస్తే పంపు స్టార్ట్ చేయనివ్వకు.