"రాత్రివేళ తమ మందను కాచుకొనుచుండగా": ఈ 'కాచుకొను' సంగతి

గ్రూపులో పెద్దలందరికీ నమస్కారం. లూకా సువార్త రెండో అధ్యాయం, ఎనిమిదో వచనంలోని ఒక క్రియ గురించి అడగాలని రాస్తున్నాను. "ఆ దేశములో కొందరు గొఱ్ఱెల కాపరులు పొలములో ఉండి రాత్రివేళ తమ మందను కాచుకొనుచుండగా..." యేసు పుట్టిన రాత్రి గురించి ఏటా డిసెంబరులో చర్చిలో వినే మాటే. మొన్న ఇంట్లో ఇది చదువుతుంటే ఆరో తరగతి చదివే మా అబ్బాయి, "అమ్మా, వాళ్లు ఎవరి కోసం కాచుకున్నారు?" అని అడిగాడు. వాడికి తెలిసిన కాచుకోవడం పిల్లి ఎలుక కోసం కాచుకుని కూర్చోవడం. కాపరులు చీకట్లో ఎవరినో పట్టుకోవడానికి పొంచి ఉన్నారనుకున్నాడు.

తప్పు వాడిది కాదు. మన వాడుకలో 'కాచుకుని ఉండటం' అంటే ఇప్పుడు ఎక్కువగా పొంచి ఉండటమో, ఎదురు చూడటమో. కానీ కాపరి, కాపలా, కావలి, కాపాడటం అన్నీ ఈ 'కాచు' ఇంటి మాటలే. నూనె కాచడం, ఎండ కాయడం, చెట్టు కాయడం వేరు. రూపం ఒకటైనా పుట్టుక వేరు.

నాకు ఈ మాట మీద ఇంత పట్టింపు ఎందుకంటే, మా ఇంట్లో గొర్రెలున్నాయి. మాది కీసర వైపు. ఇంటి వెనక ఖాళీ జాగాలో రేకుల షెడ్డు వేసి ఐదింటిని పెంచుతున్నాం. అది మా మామయ్యగారి కోరిక. ఆయన చిన్నప్పుడు మెదక్ దగ్గర ఊళ్లో గొర్లు కాశారు. గొర్రె చూడి కట్టాక ఈనడానికి ఐదు నెలలు, సుమారు 150 రోజులు. జూలై ఆఖర్లో కట్టినవి క్రిస్మస్‌కి ఈనుతాయి. మాకు నిరుడు అలాగే అయింది. గొర్రె పిల్లలు పుట్టాక వీధి కుక్కల భయం. షెడ్డుకు జాలీ కట్టినా నమ్మకం లేదు. అందుకే డిసెంబరు 20 నుంచి ఇంట్లోవాళ్లం వంతులు వేసుకున్నాం. పదకొండు నుంచి రెండు దాకా నేను, ఆ తర్వాత మావారు, తెల్లవారుజామున మామయ్య. ఒళ్లో టార్చి, కాళ్ల మీద గొంగడి. అప్పుడు తెలిసింది నాకు, కాచుకోవడం అంటే నిద్ర ఆపుకోవడం అని. గొర్రె దగ్గితే లేచి చూడాలి. పిల్ల అరిస్తే తల్లి దగ్గరే ఉందా అని చూడాలి. ఏ చప్పుడూ లేకపోతే అప్పుడు ఇంకా టెన్షన్.

నా ప్రశ్న ఇది. 'కాయుచుండగా' అంటే సరిపోయేది కదా, అనువాదకులు 'కాచుకొనుచుండగా' అని ఎందుకు పెట్టి ఉంటారు?

జవాబు (సిద్దిపేట నుంచి):
అక్కా, మా దిక్కు 'గొర్లు కాస్తడు' అంటరు. చేను కాడ అయితే 'కావలి పండుకున్నడు' అంటరు. పండుకున్నడు అన్నా నిద్రపోయిండని కాదు. ఇంకొకటి, 'పొలములో ఉండి' అన్న మాట కూడా మాకు కొత్తగా అనిపించదు. కోత అయినంక రైతులు ఎరువు కోసం తమ పొలంల మంద పెట్టిచ్చుకుంటరు. ఆ రాత్రులు కాపరులు అక్కడ్నే, మంద పక్కనే ఉంటరు. కాబట్టి ఈ వచనం చదివితే మాకు బేత్లెహేము కన్నా ముందు మా చెలక కండ్ల ముందట కనపడుతది.

జవాబు (గ్రీకు చదివినవారు):
అమ్మా, గ్రీకు మూలంలో ఇక్కడ ఒక అందం ఉంది. లూకా రాసిన మాటలను మక్కికి మక్కి చెబితే "రాత్రి కావళ్లు కాస్తూ" అని వస్తుంది. క్రియ, నామం రెండూ ఒకే ధాతువువి. 'ఫులాస్సొ' అంటే కాయడం, 'ఫులకే' అంటే కావలి. మన 'కావలి కాయు'కు అచ్చంగా సరిపోతుంది. ఆ 'ఫులకే' అనే మాటకే రాత్రి జాము అన్న అర్థమూ ఉంది. మత్తయి 14:25లో "రాత్రి నాలుగవ జామున" అన్నచోట ఉన్నది అదే. అంటే మీరు ఇంట్లో వేసుకున్న వంతుల్లాంటివి ఆ మాటలోనే ఉన్నాయి. ఇక '-కొను' సంగతి. వండాడు, వండుకున్నాడు. దాచాడు, దాచుకున్నాడు. చేసే పని చేసేవాడికే చెందినప్పుడు మన భాష 'కొను' చేరుస్తుంది. మూలంలో 'తమ మంద' అని ఉంది. ఆ 'తమ'ను క్రియ కూడా పట్టుకుందని నేననుకుంటాను.

నా జవాబు:
ఇద్దరికీ చాలా థ్యాంక్స్. 'కొను' గురించి చెప్పింది చదవగానే యోహాను పదో అధ్యాయంలోని జీతగాడు గుర్తొచ్చాడు. గొర్రెలు తనవి కావు గనుక తోడేలు వస్తుంటే వాటిని వదిలి పారిపోతాడు. జీతగాడు కాస్తాడు. కాచుకునేవాడు పారిపోడు. ఈ తేడా మన తెలుగు క్రియలోనే దొరకడం నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

నిరుడు డిసెంబరు 23 రాత్రి ఒకటి జరిగింది. ఒంటి గంట దాటాక క్యారల్స్ బృందం మా వీధికి వచ్చింది. డప్పు, కీబోర్డు, పెద్ద లైటు. పాట మొదలవగానే గొర్రెలన్నీ ఒకదాని మీద ఒకటి పడుతూ షెడ్డు మూలకు దూరాయి. మూడు రోజుల పిల్ల వాటి కాళ్ల కింద ఇరుక్కుంది. నేను లోపలికి దూకి పిల్లను ఎత్తుకుని, "ఏం కాదు, ఏం కాదు, నేనే" అంటూ నిలబడ్డాను. నా గొంతు విన్నాక ఒక్కొక్కటీ నెమ్మదించాయి. పిల్ల గుండె నా అరచేతిలో టపటపా కొట్టుకుంటోంది. దాని వెంట్రుకలకు ఇంకా పుట్టిన నాటి వాసన ఉంది. ఆ క్షణాన, దేవదూత వచ్చి చుట్టూ వెలుగు ప్రకాశించినప్పుడు కాపరుల గురించి రాసిన "వారు మిక్కిలి భయపడిరి" అన్న మాట నాకు కొత్తగా వినిపించింది. నడిరాత్రి మంద మీద వెలుగు పడితే కాపరికి ముందు తట్టేది దొంగే. అతను ముందు భయపడేది గొర్రెల కోసమే. అలాంటి మనిషితో దూత చెప్పిన మొదటి మాట "భయపడకుడి". నేను గొర్రెలతో అన్నదీ అదే.

'తొట్టి' గురించి కూడా ఒక మాట. మా మామయ్య "పశువుల తొట్టిలో పరుండబెట్టెను" అని చదివేటప్పుడు ప్రతిసారీ 'తొట్టెల' అంటారు. తొట్టెల అంటే మాకు ఉయ్యాల. హైదరాబాద్‌లో తొట్టెల ఫంక్షన్ తెలియనివాళ్లుండరు. తొట్టి, తొట్టెల అని మా అబ్బాయి సరిదిద్దబోతే నేనే ఆపాను. కుడితి తొట్టే ఆ బిడ్డకు తొట్టెల అయింది కదా, ఉండనీ అన్నాను.

జవాబు (సిద్దిపేట నుంచి):
మంచిగ చెప్పిండ్రక్కా. నాకు ఒక్కటే అనుమానం. "త్వరగా వెళ్లి" శిశువును చూసిండ్రు అని ఉంది కదా. మరి అప్పుడు మందను ఎవరు కాచిండ్రు?

నా జవాబు:
వచనంలో లేదు తమ్ముడూ. ఇరవయ్యో వచనంలో మాత్రం వాళ్లు "తిరిగి వెళ్లిరి" అని ఉంది. మా మామయ్యను అడిగితే క్షణం కూడా ఆలోచించలేదు. "ఒకడు ఆగి ఉంటడు. మందను ఇడిసి అందరూ పోరు. పోయినోళ్లు వచ్చి వానికి చెప్పి ఉంటరు" అన్నారు. ఈసారి సండే స్కూల్ నాటకంలో మా అబ్బాయి కాపరి వేషం. టీచరును అడిగి ఆ ఆగిపోయినవాడి వేషం తనే వేస్తానంటున్నాడు.