నాన్నతో ఇష్టమని నోటితో చెప్పాలా? మన గోదారోళ్ళకి ఎటకారం తప్ప మాట రాదా?

లంకల_చిన్నోడు (పి.గన్నవరం దగ్గర లంక, ఉద్యోగం హైదరాబాద్)
మొన్న సంక్రాంతికి ఇంటికెళ్ళాను. కనుమనాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం చూసొచ్చి అందరం అరుగు మీద కూర్చున్నాం. మా నాన్నకి పోయినేడు గుండెకి స్టెంట్ వేశారు. అప్పట్నుంచీ ఆయనతో ఒక మాట చెప్పాలని ఉంది. ఆ రోజు ధైర్యం చేసి అనేశాను. "నాన్నా, నువ్వంటే నాకు చాలా ఇష్టం" అని. ఆయన నా వంక ఒకసారి చూసి, "ఏరా, పొలం అమ్మేద్దామనా?" అన్నాడు. అరుగంతా ఒకటే నవ్వు. మా బావకైతే పొలమారింది. నేనూ నవ్వాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మన దగ్గర మర్యాదకి లోటు లేదు. కొత్తల్లుడొస్తే విస్తరి పట్టనన్ని వడ్డిస్తాం. ఊరెళ్తుంటే ఆత్రేయపురం పూతరేకులు డబ్బాలో పెట్టి మరీ పంపుతాం. మనసులో ఉన్నది చెప్పాల్సి వచ్చేసరికి మాత్రం ఎటకారం అడ్డం పెట్టేస్తాం. అదేదో గొప్పన్నట్టు మనకి మనమే చప్పట్లు కొట్టుకుంటున్నాం. ఇది తప్పించుకోవడం కాదా?

రొయ్యల_చెరువు (భీమవరం)
పొలం ఎక్కడండీ? రోడ్డు పక్కనేనా?

రాజోలు_మాస్టారు (రిటైర్డ్)
బాబూ, మీ నాన్నగారు జవాబు చెప్పారు. అది నీకు ఎక్కలేదు. గుండె జబ్బు మనిషి నలుగురిలో కళ్ళనీళ్ళు పెట్టుకోవడం ఇష్టంలేక ఆ మాట అని ఉంటారు. ఇందులో తప్పించుకున్నది ఏముంది?

1996 నవంబరు 6 రాత్రి తుఫాను నాకు బాగా తెలుసు. వెయ్యిమందికి పైగా పోయారు. మా దొడ్లో కొబ్బరిచెట్టు ఒక్కటి నిలబడలేదు. మా పక్కింటాయనకీ మాకూ గట్టు తగాదా, అప్పటికి చాలా ఏళ్ళుగా మాటల్లేవు. తెల్లారేసరికి ఆయన కత్తి పట్టుకుని వచ్చి, మా వాకిట్లో అడ్డంగా పడిన చెట్టు మొదట్లో నరకడం మొదలెట్టాడు. మా నాన్న లేచి వెళ్ళి తలవైపు నుంచి నరికాడు. పాలు లేవు. మా అమ్మ బెల్లం టీ కాచి ఇద్దరికీ గ్లాసులు తీసుకెళ్ళి దుంగ మీదే పెట్టింది. తాగారు, మళ్ళీ నరికారు. ఒక్క మాట అనుకుంటే ఒట్టు. ఆ తర్వాత గట్టు తగాదా మళ్ళీ రాలేదు. "నీ మీద నాకు కోపం లేదు" అని ఆయన నోటితో చెప్పి ఉంటే మా నాన్న సిగ్గుతో చచ్చిపోయేవాడు.

అత్తిలి_అమ్మాయి
"అన్నం తిన్నావా" అని అడిగాడంటే వాడికి నువ్వంటే ప్రాణమే అని మా అత్తగారు చెబుతుంటారు. వండింది నేను, వడ్డించింది నేను. నేను తిన్నానో లేదో ఎదురుగా కనపడుతూనే ఉంటుంది.

వసిష్ఠ_గట్టు (నరసాపురం వైపు, మానసిక వైద్య విభాగంలో నర్సుని)
మాస్టారూ, మీ పక్కింటాయన సంగతి బాగుంది. నాకు కనిపించే రెండో వైపు చెబుతాను. గాలి గట్టిగా వీస్తే అర్ధరాత్రి లేచి కూర్చునే పెద్దవాళ్ళు మా ఓపీకి వస్తారు. వచ్చి "భయం" అనరు. గుండెదడ అంటారు, తల తిప్పు అంటారు, ఒళ్ళంతా మంటలు అంటారు. బీపీ, షుగరు, ఈసీజీ అన్నీ బాగానే ఉంటాయి. ఇంకాసేపు కూర్చోబెడితే అప్పుడు అసలు మాట వస్తుంది. అది బయటికొచ్చిన రోజు నుంచి కొందరికి నిద్ర పడుతుంది.

దీనిమీద పరిశోధన కూడా ఉంది. 2007లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో మాథ్యూ లీబర్‌మన్ బృందం, మనుషులకి కోపం, భయం ఉన్న ముఖాల ఫోటోలు చూపించి, ఆ భావానికి పేరు పెట్టమంది. పేరు పెట్టినప్పుడు మెదడులో భయానికి స్పందించే అమిగ్డలా అనే భాగం కాస్త నెమ్మదించింది.

రాజోలు_మాస్టారు
అమ్మా, ఫోటోలో ఎవడి ముఖమో చూసి "కోపం" అనడానికీ, కన్నతండ్రి ముందు నిలబడి మనసు విప్పడానికీ పోలికేంటి? ఆ ఫోటోలో ముఖం తిరిగి మాట్లాడుతుందా?

వసిష్ఠ_గట్టు
మాట్లాడదు. అది ఒక చిన్న ముక్క అంతే. పెన్నెబేకర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1986లో విద్యార్థులతో వాళ్ళ గుండెల్లో ఉన్న బాధల్ని వరసగా నాలుగు రోజులు, రోజుకి పావుగంట రాయించాడు. తర్వాత కొన్ని నెలల్లో వాళ్ళు డాక్టరు దగ్గరికి వెళ్ళడం తగ్గింది.

రాజోలు_మాస్టారు
అది రాయడం. ఈ అబ్బాయి అడిగింది చెప్పడం. ఒకటి అడిగితే ఇంకొకటి తెస్తున్నారు.

రొయ్యల_చెరువు
మాస్టారు ఇంకా పేపర్లు దిద్దుతూనే ఉన్నారు.

మస్కట్_క్యాసెట్ (అమలాపురం)
మా నాన్న 80ల్లో మస్కట్‌లో ఉండేవాడు. ఊళ్ళో ఫోను పోస్టాఫీసులో ఒక్కటే. అందుకని క్యాసెట్‌లో మాట్లాడి, ఊరొచ్చే వాళ్ళెవరి చేతికైనా ఇచ్చి పంపేవాడు. అమ్మ టేప్‌రికార్డర్ మంచం మీద పెట్టి, తలుపు దగ్గరగా వేసి వినేది. మేమూ చేరేవాళ్ళం. "నీకు జ్వరమని ఉత్తరంలో చదివాను నాన్నా, అప్పట్నుంచీ ముద్ద దిగట్లేదు" అనేవాడు. ఒక చోట ఏడుపొచ్చి టక్కుమని ఆపేసినట్టు వినిపించేది, తర్వాత గొంతు మారి మళ్ళీ మొదలయ్యేది. అలాంటి మనిషి సెలవుల్లో ఇంటికొస్తే పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని "మార్కులెన్ని?" అనేవాడు. నాకు క్యాసెట్‌లో నాన్నే కావాలనిపించేది.

కాబట్టి మాట రాదనడం తప్పు. ఎదురుగా మనిషి ఉంటే రాదు.

ముక్కామల_కాలవ
పొద్దుట్నుంచీ చూస్తున్నాను, అంతా నాన్నలూ కొడుకులే. మా తాతయ్య పోయినప్పుడు నాయనమ్మ పక్కన కూర్చుని శోకాలు పెట్టింది. నీ దూడకి గడ్డెవరేస్తారని మొదలెట్టి, నువ్వు తెచ్చిన అప్పెవరు తీరుస్తారని అడిగి, ఫలానా పండగనాడు చెయ్యి చేసుకున్నావు గుర్తుందా అని కూడా ఏడుపులోనే అడిగేసింది. ఊరంతా ఉంది. ఎవరూ ఆపలేదు. నలభై ఏళ్ళ కాపురంలో ఆవిడ నోరు విప్పింది ఆ పూటే. దినాలు అవ్వకుండానే మా బాబాయిలు ఆవిడ రాగాన్ని అనుకరించి నవ్వుకున్నారు. చెప్పడం చేతకాదని ఎవరి గురించి అంటున్నారో కాస్త చూసుకోండి.

లంకల_చిన్నోడు
ముక్కామల గారూ, మరే, నేనూ అదే అంటున్నాను. చెప్పినవాళ్ళని చూసి నవ్వుతారు. అందుకే ఎవరూ చెప్పరు.

రాజోలు_మాస్టారు
నువ్వు అన్నది అది కాదు. నువ్వు అన్నది మీ నాన్న తప్పించుకున్నాడని. నాకు ఒక్క సంగతి చెప్పు. మీ నాన్నతో చెప్పాలనుకుంటే పొద్దున్నే తోటలోకి వెళ్ళినప్పుడు వెనకాలే వెళ్ళి చెప్పొచ్చు. పండగపూట, అల్లుళ్ళ ముందు, అరుగు మీద ఎందుకు? నీ ప్రేమ ఎవరికి చూపించాలని? హైదరాబాద్‌లో ఏదో వీడియో చూసుంటావు. దాన్ని ఆ పెద్దాయన మీద ప్రయోగం చేశావు. ఆయన పరువుగా దాటేశాడు. ఇప్పుడు ఇక్కడికొచ్చి ఆయన పరువు తీస్తున్నావు.

లంకల_చిన్నోడు
మాస్టారూ, నాన్నని అరుగు మీద అందరూ ఉండగా తప్ప నేను చూసిందెప్పుడు? ఒంటరిగా ఉంటే ఆయన లేచి వెళ్ళిపోతాడు. మీరు క్లాసులో పిల్లల్ని కూడా ఇలాగే నోరు మూయించి ఉంటారు. మీ పిల్లలైనా మీతో మాట్లాడతారా అసలు?

వేదిక_నిర్వాహకుడు
వ్యక్తిగత విషయాల్లోకి వద్దు. ఇద్దరికీ చెబుతున్నాను. మళ్ళీ జరిగితే థ్రెడ్ మూసేస్తాను.

అత్తిలి_అమ్మాయి
మనసులో మాట చెప్పుకోవడం గురించిన థ్రెడ్‌లో వ్యక్తిగతం వద్దంటే ఎలాగండీ.

మస్కట్_క్యాసెట్
చిన్నోడు తమ్ముడూ, ఒకటి అడుగుతాను, ఏమనుకోకు. మీ నాన్న వేసిన జోకు అలాంటిలాంటిది కాదనుకో. అయినా నిద్ర పట్టనంత ఏముంది అందులో? పొలం సంగతి ఏమైనా ఉందా?

లంకల_చిన్నోడు
ఉంది.

కాలవ పక్క ఎకరంన్నర అన్నయ్య పేరున గిఫ్ట్ రిజిస్ట్రేషన్ చేసేశాడు. స్టెంట్ వెయ్యడానికి ముందే. నాకెవరూ చెప్పలేదు. బ్యాంకు లోను పని మీద ఈసీ (పొలం మీద జరిగిన రిజిస్ట్రేషన్లన్నీ చూపించే కాగితం) తీయిస్తే అందులో కనపడింది. ఆ ఎకరంన్నర నాకక్కర్లేదు. దగ్గరుండి చూసుకునేది అన్నయ్యే, పిలిచి చెబితే నేనే వచ్చి సాక్షి సంతకం పెట్టేవాణ్ణి. అరుగు మీద ఉన్న వాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. బావకి కూడా. అందుకే అంత నవ్వు.

రొయ్యల_చెరువు
నేను మొదటి రిప్లైలోనే అడిగాను, పొలం ఎక్కడని.

రాజోలు_మాస్టారు
ఇదన్నమాట. మరి పొలం గురించి అడగాల్సినవాడివి ఇష్టం గురించి ఎందుకు మాట్లాడావు? ఆయన అసలు సంగతే పట్టుకున్నాడు చూడు.

లంకల_చిన్నోడు
ఇష్టం అన్నదీ నిజమే మాస్టారూ. రెండూ కలిసే ఉన్నాయి. విడదీసి ఏది ముందు చెప్పాలో నాకు తెలీలేదు.

వసిష్ఠ_గట్టు
చిన్నోడు గారూ, మా దగ్గర రోజూ చూసేది ఇదే. ఈ వేదికలో ఎవరికైనా మరీ బరువుగా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులేం కట్టక్కర్లేదు.

రాజోలు_మాస్టారు
నిన్న ఒకడు అడిగాడు, నా పిల్లలు నాతో మాట్లాడతారా అని. నిర్వాహకుడు గారు వద్దన్నా చెబుతాను.

మా అమ్మాయి మాట్లాడింది. బెంగుళూరు నుంచి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టింది. పదకొండు నిమిషాలు. బైపీసీ అడిగితే ఎంపీసీలో పడేశానని, చుట్టాలొచ్చినప్పుడల్లా మార్కులు పైకి చదివించేవాణ్ణని, ఒకసారి ఫెయిలైన పేపరు స్టాఫ్‌రూములో అందరికీ చూపించానని. వాళ్ళమ్మకి ఒంట్లో బాగాలేనప్పుడు నేను స్కూలుకి వెళ్ళిపోయానని. ఇంకా చాలా. చివర్లో, "ఇప్పుడు నాకు చాలా తేలిగ్గా ఉంది నాన్నా" అంది.

దానికి తేలికైంది. నేను వరండాలో కూర్చుని విన్నాను. కాఫీ తెచ్చిన మా ఆవిడ "ఎవరు" అంటే, ఏదో గ్రూపు మెసేజ్ అన్నాను. మొదట్నుంచీ నా గొడవ అదే. చెప్పినవాళ్ళకి మంచిదని పరిశోధనలు చేశారు. విన్నవాడి మెదడులో ఏం వెలిగిందో, ఏం ఆరిందో ఎవరైనా ఫోటో తీశారా?

అత్తిలి_అమ్మాయి
మాస్టారూ…

వసిష్ఠ_గట్టు
ఈ ప్రశ్న ముందే అడిగి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు. ఎలాగోలా కక్కించేస్తే మంచిదని మా రంగంలోనూ ఒకప్పుడు అనుకున్నారు. ఘోరం జరిగిన వెంటనే బాధితుల్ని కూర్చోబెట్టి ఒక్క సిట్టింగులో అంతా చెప్పించేవారు. 2002లో కోక్రేన్ సమీక్షలో (అప్పటిదాకా జరిగిన పరిశోధనల్ని కలిపి చూసేది) దానివల్ల ఉపయోగం కనపడలేదు, కొందరికి ఇంకా చెడే జరిగి ఉండొచ్చని తేలింది. అందుకే ఇప్పుడు బలవంతంగా మాట్లాడించవద్దంటారు. అదీ చెప్పేవాళ్ళ సంగతే, మీరన్నట్టు వినేవాళ్ళది కాదు.

మీ అమ్మాయి ఒకే మెసేజ్‌లో రెండు పనులు చేసింది. బాధ దించుకుంది, లెక్క అడిగింది. మొదటిదానికి మీ జవాబు అక్కర్లేదు. రెండోదానికి కావాలి. ఇచ్చారా?

రాజోలు_మాస్టారు
బ్లూ టిక్కులు పడ్డాయి. విన్నానని దానికి తెలుసు.

ముక్కామల_కాలవ
అదే ఘోరం మాస్టారూ. విన్నారని తెలిసీ ఏమీ రాకపోతే, అవతల మనిషి ఆ పదకొండు నిమిషాలూ మళ్ళీ మళ్ళీ వింటూ ఉంటుంది, ఎక్కడ ఎక్కువన్నానా అని. మా నాయనమ్మకైతే కనీసం జవాబిచ్చే మనిషే లేడు.

రాజోలు_మాస్టారు
ఏమనమంటారు? తప్పైపోయింది అనాలా? ఎంపీసీ విషయంలో నేను చేసింది సరైందేనని ఇప్పటికీ అంటాను. దాని ఉద్యోగం దాంతోనే వచ్చింది.

వసిష్ఠ_గట్టు
అదే అనండి. విన్నాను, ఈ సంగతి ఒప్పుకోను, మిగతావాటి గురించి మాట్లాడదాం అని. పోట్లాడినా పర్లేదు, టిక్కులతో సరిపెట్టకండి.

లంకల_చిన్నోడు
మాస్టారూ, నిన్న నేను అన్న మాట గట్టిదే, కానీ మీరూ తక్కువ అనలేదు. సరే. నాకొక సలహా కావాలి. పొలం సంగతి ముందు నాన్నని అడగాలా, అన్నయ్యనా?

రాజోలు_మాస్టారు
నాన్ననే. ఆయన పొలం, ఆయన సంతకం. ఒక్కడివే వెళ్ళు.

మస్కట్_క్యాసెట్
కాదు, ముందు అన్నయ్యని. నాన్నకి స్టెంట్ ఉంది, నువ్వు ఈసీ కాగితం తీసి ముందు పెడితే ఏమవుతుందో. అన్నయ్యకి తెలిసి చేశాడో తెలీక చేశాడో అదీ తేలుతుంది.

ముక్కామల_కాలవ
మీ అమ్మని ఎవరూ తలుచుకోలేదు. ఆవిడకి అన్నీ తెలిసే ఉంటాయి. ఆవిడ దగ్గర కూర్చో ముందు.

రాజోలు_మాస్టారు
అమ్మనెందుకు ఇరికించడం? సరే, మీ ఇష్టం. నా సంగతికొస్తే, ఫోన్లో పోట్లాడటం నాకు చేతకాదు. మా అమ్మాయి ఏటా మామిడికాయల రోజుల్లో వస్తుంది. అప్పుడు చూస్తాను.

మస్కట్_క్యాసెట్
ఈ ఏడు వస్తానందా?

రాజోలు_మాస్టారు
అనలేదు. నేనూ అడగలేదు.

అత్తిలి_అమ్మాయి
అడగండి మాస్టారూ. ఇక్కడ మా అందరికీ రాసినదాంట్లో పదోవంతు కూడా అక్కర్లేదు.