జూబ్లీహిల్స్‌లో భోజనానికి ఎక్కడికి వెళ్ళాలి?

ప్రశ్న: వచ్చే ఆదివారం విజయవాడ నుంచి మా అమ్మానాన్నలు హైదరాబాదు వస్తున్నారు. జూబ్లీహిల్స్ 36వ నంబరు రోడ్డు పరిసరాల్లో, సంగీతం హోరు లేకుండా, పెద్దవాళ్ళు కూర్చుని తృప్తిగా తినగలిగే చోటు ఏదైనా చెప్పగలరా? నాన్నగారు మాంసాహారి, అమ్మ శాకాహారి.

సమాధానం 1: నాన్నగారి కోసమైతే నా ఓటు ‘రాయలసీమ రుచులు’ హోటల్‌కే. అక్కడ రాగి సంకటి, నాటుకోడి పులుసు కలిపి తెప్పించండి. సంకటి ముద్దను నమలకుండా, పులుసులో ముంచి మింగితేనే దాని రుచి తెలుస్తుందని మా అనంతపురం వాళ్ళు పట్టుబడతారు. కోస్తా నాలుకకు ఆ కారం కాస్త ఘాటుగా తోచవచ్చు కనుక పక్కన పెరుగు ఉంచుకోండి.

సమాధానం 2: అమ్మగారిని మరచిపోయినట్టున్నారు! ‘చట్నీస్’ అనే శాకాహార హోటల్‌లో ఇడ్లీ, దోసెలతో పాటు వడ్డించే రకరకాల పచ్చళ్ళే అసలు ఆకర్షణ. నూనె తక్కువగా ఉండే చిరంజీవి దోసె పెద్దవాళ్ళకు హాయిగా ఉంటుంది. ఇద్దరికీ ఒకేచోట కావాలంటే స్పైసీ వెన్యూ చూడండి. చివర్లో ఆప్రికాట్ డిలైట్ అనే తీపి తినకుండా మాత్రం లేవకండి.

సమాధానం 3: ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట దాటితే ఎక్కడైనా నిరీక్షణ తప్పదు. ఒకసారి మేము ఓ పేరున్న చోట గంటసేపు నిలబడ్డాము. పన్నెండున్నరకే చేరుకోండి, వాహనం నిలపడం కష్టం కనుక మెట్రోలో పెద్దమ్మగుడి స్టేషనులో దిగడం మేలు.