మా పాత ఓల్డ్ స్కూల్ ర్యాప్ క్యాసెట్ మళ్ళీ తయారు చేయాలి, ఒక పాట పేరు దొరకడం లేదు

టేపుడెక్కు, విజయనగరం:

అందరికీ నమస్కారం. ఈసారి సిరిమాను మర్నాడు, బుధవారం సాయంత్రం, మా డిగ్రీ బ్యాచ్ కలుస్తున్నాం. 1993లో చేరి 1996లో బయటపడ్డవాళ్ళం. పైడితల్లమ్మ పండక్కి ఎవరు ఎక్కడున్నా ఊళ్ళో దిగుతారు. సోమవారం తొలేళ్ళు, మంగళవారం సిరిమాను అయ్యాక ఇంకొక్కరోజు ఆగమంటే కాదనేవాడు లేడు. భోజనాలు ఒకడు నెత్తినేసుకున్నాడు, హాలు ఇంకొకడు చూస్తున్నాడు. పాటలు మాత్రం ఎవరూ అడక్కుండానే నాకు వచ్చిపడ్డాయి. ఆ క్యాసెట్ నాది కదా మరి.

క్యాసెట్ సంగతి చెప్తాను. మా పెద్దమ్మగారి అబ్బాయి షిప్పులో పనిచేసేవాడు. 1994 చివర్లో సెలవుకి వచ్చినప్పుడు సింగపూర్‌లో కొన్న ర్యాప్ క్యాసెట్లు అరడజను తెచ్చాడు. నెల్లాళ్ళుండి వెళ్ళిపోతాడు, వాటినీ పట్టుకుపోతాడు. అందుకని గంటస్తంభం దగ్గర సందులో రికార్డింగ్ షాపుకి పరిగెత్తాను. 90 నిమిషాల ఖాళీ క్యాసెట్ కొని, ఏ పాట తర్వాత ఏది రావాలో చీటీ రాసిచ్చాను. షాపాయన చీటీ అటూ ఇటూ తిప్పి చూసి, "ఇవి పాటలేనా బాబూ, మందులా?" అన్నాడు. బీ వైపు చివర్లో ఐదు నిమిషాలు మిగిలితే నన్ను అడక్కుండా 'ప్రేమికుడు'లోని పేట ర్యాప్ ఎక్కించి ఇచ్చాడు. అప్పుడు ఒళ్ళు మండింది గానీ, తర్వాత అందరూ ఎక్కువగా అడిగి పెట్టించుకున్నది ఆ పాటే.

ఇంట్లో పెడితే మా నాన్న అరుగు మీంచి "ఏటిరా అది, పాటా తగువా?" అనేవారు. ఆయన్ని అనడానికేం లేదు, అందులో మాట ఒక్కటీ మాకూ తెలిసేది కాదు. ఎంసీ హామర్ అనే అమెరికా ర్యాపర్ పాట 'యు కాంట్ టచ్ దిస్' పేరు మా అందరికీ "కంటచ్చిదిస్" అనే ఒకే మాట. అదేదో దేశంలో ఊరి పేరనుకున్నవాడు ఇప్పుడు బ్యాంకు మేనేజరు.

ఏ వైపు నాకు బాగా గుర్తుంది. ఎంసీ హామర్‌తో మొదలు. వెంటనే వెనిల్లా ఐస్ 'ఐస్ ఐస్ బేబీ'. తర్వాత యంగ్ ఎంసీ 'బస్ట్ ఎ మూవ్', రన్ డీఎంసీ వాళ్ళు ఏరోస్మిత్‌తో కలిసి చేసిన 'వాక్ దిస్ వే', టోన్ లోక్ 'వైల్డ్ థింగ్', అమ్మతో బట్టల కొట్టుకి వెళ్ళి అవస్థ పడే కుర్రాడి పాట, అంటే విల్ స్మిత్ కుర్రతనంలోది. ఆఖర్న షుగర్‌హిల్ గ్యాంగ్ 'రాపర్స్ డిలైట్', పద్నాలుగు నిమిషాల పైన నడిచే పెద్దది. బీ వైపు అంత జ్ఞాపకం లేదు. హౌస్ ఆఫ్ పెయిన్ బృందం 'జంప్ అరౌండ్' ఉంది, నాటీ బై నేచర్ ఉంది, క్రిస్ క్రాస్ 'జంప్' ఉంది. ఆ ఇద్దరు పిల్లలు బట్టలు వెనకది ముందుకి తిప్పి వేసుకునేవారని టీవీలో చూసి, మేం నలుగురం చొక్కాలు అలాగే వేసుకుని క్లాసుకెళ్ళాం. వెనకాల గుండీలు పెట్టుకోవడం ఎంత కష్టమో ఆరోజే తెలిసింది. లెక్చరర్ మమ్మల్ని గంటసేపు గోడవైపు తిరిగి నిలబెట్టారు, "ఇప్పుడు గుండీలు నావైపు సరిగ్గా ఉన్నాయి" అంటూ.

ఇప్పుడు అసలు సందేహాలు.

బీ వైపు ఒక పాట ఉండేది. పియానో మోగుతుంటుంది. ఒకాయన మామూలుగా కథ చెప్తున్నట్టు ర్యాప్ చేస్తాడు, పల్లవికొచ్చేసరికి గొంతు చించుకుని అపశ్రుతిలో పాడతాడు. జలుబు చేసినవాడు స్నానాల గదిలో పాడుతున్నట్టు ఉంటుంది. అదేంటో ఎవరైనా చెప్పగలరా?

రెండోది. హాస్టల్లో ఒక రాత్రి టేప్ రికార్డర్ రీలు నమిలేసింది. ఏ వైపు మొదలైన ఏడో నిమిషంలో, ఐస్ ఐస్ బేబీ మధ్యలో. నలిగిన ముక్క ఒక జానెడు ఉంటుంది, కత్తిరించి సెల్లోటేపుతో అతికించాం. ఆ తర్వాత ఏడాదిన్నర ఆ పాటని అలాగే విన్నాం: సాగుతూ సాగుతూ టక్కున ఎగిరి వేరే లైన్లో పడుతుంది. ఆ ఎగిరే చోట అందరం కాలు గాల్లో ఆపేవాళ్ళం. పోయిన సంక్రాంతికి ఇద్దరు స్నేహితులు మా ఇంట్లో మామూలు పాట వింటూ సరిగ్గా అక్కడే కాలు ఎత్తి ఆపారు, పాట మాత్రం ఆగకుండా వెళ్ళిపోయింది. కొత్త మిక్స్‌లో ఆ కోత ఉంచనా, తీసేయనా? మా ఆవిడ "తప్పుని కూడా కాపీ కొడతారా" అంటోంది. క్యాసెట్ ఇల్లు మారినప్పుడు పోయింది, కాబట్టి అంతా కొత్తగా కట్టాల్సిందే. మొత్తం గంటసేపు వస్తే చాలు.

మూడోది చిన్నది. పిల్లలు కూడా వస్తారు. మాకు ఇంగ్లీషు అర్థం కాలేదు గనక అప్పట్లో బతికిపోయాం. వాళ్ళకి అర్థమవుతుంది, ఏవి తీసేయాలి?

రికార్డు_పిచ్చి, శ్రీకాకుళం:

మీ జలుబు గాయకుడు బిజ్ మార్కీ. పాట 'జస్ట్ ఎ ఫ్రెండ్', 1989. ఆ పల్లవి 1968లో ఫ్రెడ్డీ స్కాట్ పాడినదాంట్లోంచి తీసుకున్నాడు. ఫ్రెడ్డీ స్కాట్ శుభ్రంగా పాడాడు, ఈయన తన గొంతుతో పాడేసి దాన్నే జనానికి నచ్చేలా చేశాడు. 2021లో పోయాడు. ఇంకో సంగతి, అడక్కుండా ఇంకొకరి పాట వాడుకున్నందుకు 1991లో ఈయన మీద కోర్టు తీర్పు వచ్చింది. అక్కణ్ణుంచే అమెరికాలో శాంపిల్, అంటే వేరేవాళ్ళ పాటలో ముక్క, వాడాలంటే ముందు అనుమతి, డబ్బు లెక్క మొదలయ్యాయి.

ఒక్కటి మాత్రం అనకుండా ఉండలేను. మీరు చెప్పినవాటిలో ఓల్డ్ స్కూల్, అంటే ర్యాప్ తొలినాళ్ళది, అని గట్టిగా అనగలిగింది రాపర్స్ డిలైట్ ఒక్కటే, 1979. 1980లో కర్టిస్ బ్లో 'ది బ్రేక్స్', 1982లో గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ బృందం 'ది మెసేజ్', ఆఫ్రికా బంబాటా 'ప్లానెట్ రాక్', ఇవీ ఆ కాలానివి. రన్ డీఎంసీ వచ్చాకే దాన్ని న్యూ స్కూల్ అన్నారు. 1990 హామర్‌ని ఓల్డ్ స్కూల్ అంటే పెద్దవాళ్ళు నవ్వుతారు. ది మెసేజ్ తప్పక పెట్టండి.

పిల్లల ముందు వైల్డ్ థింగ్ వద్దు, పేరులోనే ఉంది సంగతి. ఆ పాట రాయడంలో చెయ్యి వేసింది కూడా యంగ్ ఎంసీయే. బస్ట్ ఎ మూవ్ ఉంది కదా, అది చాలు. ఆయన ఎకనామిక్స్ డిగ్రీ చేసినవాడు.

సౌండ్_తమ్ముడు, ఆమదాలవలస:

అన్నా, మా నాన్నది మైక్ సెట్టు, నాది డీజే సెట్టు. రెండూ తెలుసు కాబట్టి చెప్తున్నా.

ముందు స్పీడు. హామర్ పాట నిమిషానికి 133 బీట్ల దగ్గరుంటుంది. ఐస్ ఐస్ బేబీ 116, రాపర్స్ డిలైట్ 111, హౌస్ ఆఫ్ పెయిన్ 107. హామర్ నుంచి ఐస్‌కి బీటు కలపాలని చూడొద్దు. 133ని 116కి లాగితే హామర్ నిద్రలో నడుస్తున్నట్టుంటాడు. నాలుగైదు శాతం దాకా సాగదీస్తే చెవికి తెలీదు, ఆ పైన తెలుస్తుంది. హామర్ ఆగమని అరిచే చోట నిజంగానే ఆపెయ్యి. ఒక్క క్షణం హాలంతా నిశ్శబ్దం. అప్పుడు ఐస్ ఐస్ బేబీలోని బేస్ గిటార్ వరస ఒక్కటే రావాలి. 116 నుంచి 111కి, అక్కణ్ణుంచి 107కి మెట్లు దిగినట్టు దిగొచ్చు. ఆడాసిటీ అని పాటలు ఎడిట్ చేసే సాఫ్ట్‌వేర్ ఉచితమే, అందులో శ్రుతి మారకుండా టెంపో మార్చే పని ఉంది, చాలు.

ఇంకో ఐడియా. ఐస్ ఐస్ బేబీ బేస్ 1981లో క్వీన్, డేవిడ్ బోవీ కలిసి చేసిన 'అండర్ ప్రెషర్'ది. మన బాబా సెహగల్ 1992లో 'ఠండా ఠండా పానీ' కట్టింది కూడా దాని మీదే. మూడూ కలిపి మూడు నిమిషాల ముక్క చెయ్యి. మీ వయసువాళ్ళు ఏది ఏదో తేల్చుకోలేక గొడవపడతారు, హాలు వేడెక్కుతుంది. హామర్‌కి కూడా అలాగే, ఆ బేస్ 1981లో రిక్ జేమ్స్ చేసిన 'సూపర్ ఫ్రీక్'లోది.

యూట్యూబ్ నుంచి దించినవి పెద్ద బాక్సుల మీద పెట్టొద్దు. ఫోన్‌లో బాగానే ఉంటాయి, హాల్లో తాళాలు ఇసుక రాలినట్టు గరగరమంటాయి. పాత పాటలు కొన్ని చిన్నగా వినిపిస్తాయి, కొత్తగా రీమాస్టర్ చేసినవి మీద పడతాయి, అన్నిటికీ లౌడ్‌నెస్ ఒకటి చేసుకో. ప్లానెట్ రాక్ పెడితే మాత్రం బేస్ బాక్సుల దగ్గర పిల్లల్ని కూర్చోబెట్టకు. అందులో డ్రమ్ము 808 అనే డ్రమ్ మెషీన్‌ది, గుండె అదిరేలా మోగుతుంది.

కోత గురించి: ఉంచు. ర్యాప్ పుట్టిందే అలాంటి పనితో కదా. 1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో కూల్ హెర్క్ తన చెల్లెలి పార్టీలో రెండు రికార్డులు పెట్టి, డ్రమ్ము మోగే ముక్కనే అటూ ఇటూ తిప్పి వాయించాడు. నీ రీలు సెకనుకి 4.76 సెంటీమీటర్లు నడుస్తుంది. జానెడంటే 22, 23 అనుకో. ఐదు సెకన్లకి కాస్త తక్కువ కోసెయ్యి, సరిపోతుంది.

బీ_వైపు, విశాఖపట్నం:

నేనూ అదే బ్యాచ్. ఎవరో చెప్పను, బుధవారం చూస్తారుగా. కాలేజీలో మనం మీరు అనే పిలుచుకున్నాం, ఇప్పుడూ అలాగే కానివ్వండి.

మీ క్యాసెట్ మా హాస్టల్‌కి ఫైనలియర్లో నెల్లాళ్ళు వచ్చింది. తిరిగివ్వమని మూడుసార్లు కబురు పంపారు, గుర్తుందా? మేం ఏ వైపు వినలేదు, హామర్ అంటే మా వార్డెన్‌కి పడేది కాదు. బీ వైపే అరిగిపోయేలా విన్నాం. అతుకు ఐస్ ఐస్ బేబీలో అంటున్నారు గానీ, నాకు బాగా గుర్తు, అది జంప్‌లో. ఆ పిల్లలు ఎగరమని చెప్తూ చెప్తూ వాళ్ళే ఎగిరిపోతారు. మేం నవ్వుకునేవాళ్ళం, పాటే అంత అని.

ఇంకొకటి. మీ లిస్టులో ఆడగొంతు ఒక్కటీ లేదు. అప్పుడూ లేదు. సాల్ట్ ఎన్ పెపా 'పుష్ ఇట్' పిల్లల ముందు ఇబ్బంది అంటారేమో. 1989లో క్వీన్ లతీఫా, మోనీ లవ్ కలిసి చేసిన 'లేడీస్ ఫస్ట్' ఉంది. దానికి ఎవరూ వంక పెట్టలేరు, పేరు చూసి పెట్టినా మేం ఊరుకోం. ది మెసేజ్ గొప్ప పాటే, కానీ అందులో ఉన్నవన్నీ బాధలు. పదిహేనేళ్ళ తర్వాత కలిసేవాళ్ళని భోజనాల ముందు అలా కూర్చోబెట్టకండి.

సౌండ్_తమ్ముడు, ఆమదాలవలస:

అన్నా, అక్కా, ఇద్దరిదీ కరెక్టే. రీలు వెడల్పులో సగం ఏ వైపు, సగం బీ వైపు. రెండూ ఒకే రీలు మీద ఎదురెదురుగా నడుస్తాయి. ఏ వైపు ఏడో నిమిషంలో జానెడు కోస్తే బీ వైపు 38వ నిమిషంలో కూడా అదే జానెడు పోతుంది. బీ వైపు ఆఖరున ఐదు నిమిషాలు పేట ర్యాప్ అన్నావు. దాని ముందు పాట జంప్ అయితే లెక్క సరిపోయింది.

టేపుడెక్కు, విజయనగరం:

ఈ లెక్క చూసి ఇప్పుడే మా ఆవిడకి వినిపించాను. ఏడాదిన్నర విన్నాను గానీ బీ వైపు కోసేశామని నాకు ఈరోజు దాకా తట్టలేదు. అటువైపు తిప్పితే ఎప్పుడూ పేట ర్యాప్ కోసం ఫాస్ట్ ఫార్వర్డ్ చేసేవాణ్ణి మరి.

రికార్డు_పిచ్చి గారూ, బిజ్ మార్కీ దొరికాడు, మీ రుణం తీరదు. పొద్దుట్నుంచి పది సార్లు విన్నాను. ఓల్డ్ స్కూలా న్యూ స్కూలా అన్నది మీకు వదిలేస్తున్నాను, మా స్కూలు మాత్రం అదే. ది మెసేజ్ ఇంటికెళ్ళేటప్పుడు కారులో వింటాను. రాపర్స్ డిలైట్ చిన్న వెర్షన్ పెడుతున్నా, పద్నాలుగు నిమిషాలు ఎగరడానికి మా మోకాళ్ళు ఒప్పుకోవు. వైల్డ్ థింగ్ తీసేశాను. హౌస్ ఆఫ్ పెయిన్‌ది రేడియోలో వేసే వెర్షన్. తమ్ముడు చెప్పిన మూడు బేసుల ముక్క చేసి చూశాను, ఠండా పానీ రాగానే మా అబ్బాయి "నాన్నా, ఇది కాపీ కదా" అన్నాడు. ఏది దేనికో చెప్పమంటే తప్పు చెప్పాడు.

బీ_వైపు గారూ, లేడీస్ ఫస్ట్ పెట్టాను, అదీ మొట్టమొదట. హామర్ రెండోది. మీ వార్డెన్ గారు రావట్లేదు కదా? పదిహేనేళ్ళ తర్వాత అన్నారు, ఒకసారి లెక్క చూసుకోండి, ముప్ఫై దాటింది.

రెండు కోతలూ ఉంచుతున్నాను. ఐస్‌లో ఎక్కడ కోయాలో నాకు తెలుసు, కాలు చెప్తుంది. జంప్‌లో సరిగ్గా ఏ మాట దగ్గర ఎగిరేదో మీకు తప్ప ఎవరికీ తెలీదు. గుర్తుంటే ఈ ఆదివారంలోగా ఇక్కడే రాయండి, సోమవారం తొలేళ్ళ హడావుడిలో నేను కంప్యూటర్ ముట్టుకోలేను.