ముందు రిజిస్ట్రేషనా, ముందు ఇంట్లో మాటా?

పెన్నాగట్టు: కులం వేరైన ఇద్దరు పెళ్ళి అనుకుంటే మా నెల్లూరు వైపు పెద్దలు చెప్పేది ఒకటే, "ముందు ఇంట్లో ఒప్పించుకోండి" అని. నేను ఒప్పుకోను. మాట బయటపడిన రోజే పిల్ల చేతిలో ఫోను లాగేసుకుంటారు, వేరే సంబంధం ఖాయం చేసేస్తారు. ముందు రిజిస్ట్రేషన్ కానిచ్చి, తర్వాత చెప్పాలి.

ఒంగోలు వకీలు: ఏ చట్టం కింద తమ్ముడూ? చాలామంది దెబ్బతినేది ఇక్కడే. 1954 ప్రత్యేక వివాహ చట్టమైతే, ఇద్దరిలో ఒకరు కనీసం 30 రోజులుగా ఉంటున్న జిల్లాలో నోటీసు ఇవ్వాలి. ఇద్దరి పేర్లు, వయసు, ఉద్యోగం, చిరునామా ఉన్న ఆ కాగితం ఆఫీసులో అందరికీ కనపడేచోట 30 రోజులు ఉంటుంది. పనిమీద వచ్చిన ఏ బంధువో చదివితే సాయంత్రానికి ఇంట్లో తెలుస్తుంది. కులం వేరనేది చట్టంలో అభ్యంతరమే కాదు. కానీ వయసు చాలదనో, ముందే పెళ్ళయిందనో ఒకటి రాసిపడేస్తే విచారణకు మరో 30 రోజులు. నోటీసిచ్చిన 3 నెలల్లో పెళ్ళి కాకపోతే మళ్ళీ మొదటికే.

ఇద్దరూ హిందువులైతే ఈ తిప్పలు లేవు. గుళ్ళో పెళ్ళి, ఆపైన 1955 హిందూ వివాహ చట్టం కింద నమోదు. అయితే తంతు జరగకుండా సర్టిఫికెట్ ఒక్కటే తెచ్చుకుంటే పెళ్ళి కాదని 2024లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. తాళి కడుతున్నవి, ఏడడుగులు నడుస్తున్నవి ఫోటోలు జాగ్రత్త.

గూడూరు టీచరు: "ఇద్దరూ హిందువులైతే" అన్నారే, మన జిల్లాల్లో చిక్కంతా అక్కడే. బాప్టిస్టు మిషన్ కాలం నుంచి చర్చికి పోయే దళిత కుటుంబాలు ఎన్నో. క్రైస్తవులని రాయించుకుంటే, ఎస్సీలెవరో చెప్పే 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా పోతుంది, అందుకే కొందరి కుల సర్టిఫికెట్లో హిందువనే ఉంటుంది. వాళ్ళను తప్పుపట్టను, ఆ ఉత్తర్వే అన్యాయం. కానీ ఒకరు క్రైస్తవులైతే హిందూ చట్టం కింద చేసుకున్న పెళ్ళి చెల్లదని 2008లో తీర్పుంది. రేపు ఆస్తి గొడవొస్తే ఎదుటివాళ్ళు తవ్వేది దాన్నే. అట్లాంటి జంటకు ఆ 30 రోజులు తప్పవు, ఆ రోజుల్లో ఉండటానికి ముందే జాగా చూసుకోవాలి.

కావలి రైతుబిడ్డ: అన్నా, చట్టం సరే. ఇంట్లో వివక్ష ఎట్లా మాట్లాడుతుందో కూడా చూడండి. "ఇంటిపేరేంది? ఊళ్ళో ఏ పక్క?" రెండో ప్రశ్నతోనే కులం తేలిపోతుంది, ఎస్సీ కాలనీ ఊరికి ఏ దిక్కునుందో అందరికీ తెలుసు కాబట్టి. అడ్డుచెప్పేటప్పుడు మాత్రం "వాళ్ళు తక్కువ" అనరు, "చెల్లెలికి సంబంధాలు రావు" అంటారు. నాన్నతో మొదలుపెడితే పరువు అడ్డమొస్తుంది. ముందు మేనత్తతోనో అమ్మమ్మతోనో, చెల్లెలితో కూడా మాట్లాడాలి. నెలా రెండు నెలలు గడువు పెట్టుకోవాలి. అయినా ప్రయత్నించకుండా పోవడం సరికాదని నా మాట.

పెన్నాగట్టు: చేయి లేవని ఇంట్లో అయితే మాట్లాడొచ్చు. కొట్టి గదిలో పెట్టే ఇంట్లో మాట్లాడమనడం ఆ పిల్లను అప్పగించడమే.

ఒంగోలు వకీలు: వెళ్ళేటప్పుడు ఇంట్లో బంగారం ముట్టుకోవద్దు, దొంగతనం కేసు పెడతారు. పదో తరగతి మెమో, ఆధార్ అసలువి దగ్గరుండాలి. మిస్సింగ్ కేసు పడితే ఆ అమ్మాయి తన ఇష్టంతోనే వెళ్ళానని మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం ఇవ్వొచ్చు. ప్రాణభయం ఉంటే ఎస్పీకి రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. పోలీసులు రక్షణ ఇవ్వాలని సుప్రీంకోర్టు 2018లో శక్తివాహిని కేసులో ఆదేశించింది. స్టేషన్లో "పెద్దమనుషుల మధ్య రాజీ" అంటే ఆ కాగితం మీద సంతకం పెట్టొద్దు.