అప్‌డేట్: 1892 నాటి వార్తలో ‘కంప్యూటర్’

1892 నాటి పత్రికలో ‘కంప్యూటర్ కావలెను’ అనే వార్త చూసి, ఆ రోజుల్లో కంప్యూటర్ ఎక్కడిదని ఇంతకుముందు అడిగాను కదా, సంగతి తేలింది. అది మనిషి! లెక్కలు కట్టే ఉద్యోగి.

1892 మే 2న న్యూయార్క్ టైమ్స్ వేసిన ‘కంప్యూటర్ కావలెను’ వార్తను పూర్తిగా చదివితే అంతా అందులోనే ఉంది. నావికుల కోసం పంచాంగం లాంటి పుస్తకం తయారుచేసే అమెరికా ప్రభుత్వ నాటికల్ ఆల్మనాక్ ఆఫీసులో రెండు ఖాళీలు. ఒకదానికి జీతం 1,000 డాలర్లు, రెండోదానికి 1,400. మే 18న వాషింగ్టన్‌లో పరీక్ష. సిలబస్ చూస్తేనే టెన్షన్: బీజగణితం, రేఖాగణితం, త్రికోణమితి, పైగా ఖగోళశాస్త్రం! నావికులకు కావాల్సిన గ్రహాల, నక్షత్రాల పట్టికలకు లెక్కలు కట్టడం వీళ్ల పని.

అమెరికాలోని హార్వర్డ్ అబ్జర్వేటరీ (నక్షత్రాలను పరిశీలించే కేంద్రం)లో ఇలాంటి పని చేసిన మహిళలనూ కంప్యూటర్లనే పిలిచేవారు. యంత్రమనే అర్థం బాగా స్థిరపడింది 1940ల తర్వాతే. అంతకుముందు వార్తల్లో ఈ మాట కనిపిస్తే ముందు మనిషనే అనుకుంటున్నా.